బొటనవేలికి తెలిసిపోయిన బ్రెడ్డు

కార్మిక వైద్య మండలి అధికారి గారి సముఖమునకు,
బ్రెడ్ ఫ్యాక్టరీ, పిండి కలిపే విభాగం నుండి.

అయ్యా,

విషయం: గ్లూటెన్ పరీక్షలో నేను "మోసం చేసినాను" అని నా ఫైలులో రాసిన మాటను కొట్టివేసి, పరీక్షను మళ్ళీ, ఈసారి సరిగ్గా, జరిపించుట గురించి.

ఇరవై రెండేళ్ళుగా పిండి కలుపుచున్న నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసుకొను మనవి ఏమనగా:

1. రెండేళ్ళ నుండి బ్రెడ్డు తిన్న గంటకు నా కడుపు ఉబ్బును, నొప్పి పుట్టును, మధ్యాహ్నానికి తల మొద్దుబారును. గోధుమ పడక పేగు పాడయ్యే సీలియాక్ జబ్బేమోనని తమ మండలి వారే రక్తం తీసిరి, గొట్టం వేసి పేగు ముక్క తీసిరి. ఆ జబ్బు లేదని తేలినది. సంతోషం. జబ్బు లేదన్న కాగితం జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళి, ఆ సాయంత్రమే మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాను.

2. గోధుమపిండిని సాగేలా చేసే జిగురే గ్లూటెన్ అనియు, సీలియాక్ లేనివారికి కూడా అది పడకపోవచ్చుననియు, దాన్ని పట్టే రక్తపరీక్ష లేదనియు తమరే సెలవిచ్చితిరి. ఆరు వారాలు గోధుమ మాన్పించి, పిమ్మట గ్లూటెన్ ఉన్న బ్రెడ్డు ఒక వారం, లేనిది ఒక వారం, ఏది ఏదో చెప్పకుండా తినిపించి చూడవలెనంటిరి. నేను ఒప్పుకొంటిని. ఆరు వారాలు మానితిని. నొప్పి చాలావరకు తగ్గినది. పొద్దున్నుంచీ పిండిలో మోచేతుల దాకా మునిగి ఉండి ఒక్క ముక్క నోట పెట్టకుండా ఉండడం ఎలా ఉంటుందో తమకు చెప్పినా అర్థం కాదు. కాబట్టి చెప్పను.

3. పరీక్ష మొదటి రోజున ఇలాంటి బాధే ఉన్న పదకొండు మందిమి ఒకే బల్లకు ఇటూ అటూ కూర్చున్నాం. నర్సమ్మ రేకు కాగితంలో చుట్టిన ముక్క తలా ఒకటి ఇచ్చింది. నేను విప్పి, అలవాటు కొద్దీ బొటనవేలితో నొక్కాను. నొక్కిన గుంట నొక్కినట్టే ఉండిపోయింది. తుంచితే ఇసుకలా రాలింది. నా నోరు ఊరుకోలేదు.

"ఎవరమ్మా దీన్ని కాల్చింది? ఇందులో గ్లూటెన్ చుక్క లేదు. ఉంటే ఇలా చచ్చినట్టు పడి ఉండదు," అన్నాను.

నర్సమ్మ నా చేతిలో ముక్క లాక్కుంది. "అయ్యో బాబాయ్, తినమన్నాను గానీ పైకి చెప్పమన్నానా!" అంది. అప్పటికే మిగతా పదిమందీ ఎవరి ముక్క వాళ్ళు నొక్కి చూసుకుంటున్నారు.

పదకొండు మంది పరీక్షా ఆ పూటే పాడైనది. సిగ్గుపడుచున్నాను. నర్సమ్మకు క్షమాపణ చెప్పాను, ఆ పదిమందికీ చెప్పాను. తమకు మాత్రం చెప్పను. కారణం కింద రాయుచున్నాను.

4. "అభ్యర్థి బ్రెడ్డును ముందే గుర్తించి మోసం చేసినాడు" అని తమరు రాసితిరి. అయ్యా, మోసం చేసేవాడు గుర్తించి గమ్మున ఊరుకుంటాడు. నొప్పి రావలసిన వారం మూలుగుతాడు, రాకూడని వారం ఈల వేసుకుంటూ తిరుగుతాడు. నేను పదిమందిలో బయటపెట్టేశాను. దాన్ని మోసం అనరు, నోటి దురద అంటారు. బ్రెడ్డు చేసేవాడి దగ్గర బ్రెడ్డును దాచాలనుకోవడమే అసలు తప్పు. మా ఆవిడ దర్జీ. ఆవిడ చేతికి గుడ్డ ఇచ్చి, నూలో పట్టో తెలుసుకోవద్దని చెప్పి చూడండి.

5. తమ గుమాస్తా నా ముందు రెండు కాగితాలు పెట్టాడు. నాకు ఏ బాధా లేదని, అంతా నా ఊహేనని ఒకటి. ఇష్టపూర్వకంగా పిండి విభాగం వదిలి అట్టపెట్టెలు అంటించే పనికి పోతున్నానని రెండోది. "ఏదో ఒకటి గీకెయ్యి పెద్దాయనా, నాకు అవతల బోలెడు పనుంది," అన్నాడు. గీకలేదు. గీకను.

తేలిక పని కోసం నాటకమాడుతున్నానని షిఫ్టు మొత్తం చెవులు కొరుక్కుంటోంది. నాకు పిండి వదలడం ఇష్టం లేదు మహాప్రభో! అందుకే పరీక్ష అడుగుతున్నాను. గ్లూటెనే నాకు పడదని తేలితే ఏడ్చుకుంటూ అయినా ఆ పని వదిలేస్తాను. తేల్చకుండా వదలమంటే మాత్రం నా చేతులు పిండిలోనే ఉంటాయి.

కావున గ్లూటెన్ పొడిని, బియ్యప్పిండిని ఒకేలాంటి క్యాప్సూళ్ళలో నింపించి నన్ను మళ్ళీ పరీక్షించవలెను. వాటిని నా బొటనవేలు ఏమీ చేయలేదు. మోసం అన్న మాటను కొట్టివేయవలెను. అంతవరకు రోజూ షిఫ్టు దిగి వచ్చి తమ గది ఎదుటి బల్లపై కూర్చొందును. అది అర్జీదారుల కోసం వేసిన బల్లే గనుక లేవమన్నా లేవను.

కోపంతో రాసినదే అయినా ఓపికతో చిత్తగించవలెను.

తమ విధేయుడు
(ఆ రెండు కాగితాల విషయంలో తప్ప),
పిండి కలిపేవాడు, ఉదయం షిఫ్టు.

తా.క.: అయ్యా, పైది రాసి మూడు వారాలైంది. పంపలేదు. మా ఆవిడ చదివి, "క్యాప్సూళ్ళేగా! దానికి వాళ్ళని ఇంతలా బతిమాలాలా? నేను చేస్తాను ఉండండి," అంది. రెండు సీసాలు నింపింది. గోధుమ ముట్టకుండానే, రోజుకు పదహారు చొప్పున ఒక వారం ఒక సీసా, మధ్యలో ఒక వారం ఏమీ లేదు, ఆపైన రెండో సీసా. ఏది ఏదో ఆవిడ ముఖం చూసి పట్టేద్దామనుకున్నాను. ఇరవై ఏళ్ళ కాపురంలో ఏనాడూ పట్టింది లేదు, ఇప్పుడూ లేదు.

మొదటి సీసా వారంలో ఐదు రోజులు మెలికలు తిరిగిపోయాను. గ్లూటెన్ ఇదేనని ఒట్టేసి మరీ చెప్పాను. రెండో సీసాకు రెండే రోజులు, అదీ కొద్దిగా. నిన్న అంతా అయ్యాక అడిగితే, "మీరు ఒట్టేసిన సీసాలో ఉన్నది ఒట్టి బియ్యప్పిండి అండీ," అంది.

ముందు కోపం వచ్చింది. తర్వాత నా పని నాకు మిగిలిందని తట్టి, ఆవిడ ముందే ఏడ్చేశాను.

మోసగాడైతే ఈ నాలుగు ముక్కలూ రాయడు. ఇంట్లో ఒక్కసారి చేసినదాన్ని తమరు నమ్మనక్కరలేదు, మళ్ళీ చేసి చూసుకోండి. గ్లూటెన్ అన్న మాట నేనే వెనక్కి తీసుకుంటున్నాను. నొప్పి అన్న మాట మాత్రం తీసుకోను. గ్లూటెనేమోనన్న భయం వల్ల వచ్చిందంటారా? అలాగే అనండి. వచ్చింది మాత్రం నా కడుపులోనే. బియ్యప్పిండికి ఐదు రోజులు మెలికలు తిరిగిన మనిషికి ఏ వైద్యం చేయాలో, అది రాసే గడి మీ ఫారంలో ఎక్కడుందో చూపించండి. లేకపోతే గీయించండి.