దొరసానిని ప్రాణంతో గేటు దాటించండి

ఆహార పర్యావరణ శాఖ అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పచ్చ గుర్తింపు పొందిన మా కాలనీలో చిక్కుకుపోయిన ఒక చూడి గేదెను ప్రాణంతో గేటు దాటించుటకు అనుమతి కోరుట గురించి.

విన్నవించుకొనునది ఏమనగా, నేను కాలనీ చివరి వరుసలో, నీళ్ల ట్యాంకు వెనక, రేకుల కొట్టంలో ఉండే పాలమనిషిని. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో అడిగేవాళ్లు లేరు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పక్కింటి టైపు మాస్టారు రాస్తున్నారు. కోర్టులో ముప్పై ఏళ్లు టైపు కొట్టిన మనిషి. నా మాటలకు గంజి పెట్టి ఇస్త్రీ చేస్తున్నారు. ఎక్కడైనా మడత మిగిలితే అది నాది.

1. మా కాలనీవారు రెండేళ్ల కిందట మాంసం, గుడ్లు, పాలు విడిచిపెట్టి, కూరలు, గింజలు, పప్పులు మాత్రమే తినెదమనియు, అవి కూడా వంద కిలోమీటర్ల లోపు పండినవే కొనెదమనియు తీర్మానించి, తమ శాఖ నుంచి పచ్చ గుర్తింపు పొందియున్నారు. గేటు మీద పచ్చ పలక బిగించారు. దీనికి నా అభ్యంతరమేమీ లేదని ముందే మనవి. పాలమ్ముకునే ముసలిది కడుపుమంటతో ఏడుస్తోందని ఈ కాగితం పక్కన పడేస్తారేమో, అందుకని.

తమ ఆఫీసు నుంచి లెక్కలు కట్టే అమ్మాయి ఒకతె వచ్చింది. మంచి పిల్ల. ముక్కు మూసుకోకుండా కొట్టంలోకి వచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

“కోప్పడకు అవ్వా. నీ గేదె త్రేన్పుతో భూమి వేడెక్కుతుంది.”

“త్రేన్చకుండా నెమరేసే గేదె ఉంటే చూపించు తల్లీ, రేపే కొంటాను.”

పకపకా నవ్వింది. నవ్వి, నెమ్మదిగా చెప్పింది. ఒక చెంబు పాలకు ఎంత మేత, ఎన్ని నీళ్లు, ఎంత నేల. అదే నేలలో పప్పు వేస్తే ఎన్ని కడుపులు నిండుతాయి. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక? రోజుకు అది ఎన్ని బిందెలు తాగుతుందో మోసే నడుముకు తెలియదా? ఆ పిల్ల కాగితం మీద కట్టిన లెక్క నా మోకాళ్లు ఎప్పుడో కట్టేశాయి.

అయినా ఊరుకోలేక అడిగాను, “మరి కాలనీవాళ్లు తాగే అట్టపెట్టె బాదంపాలు సముద్రం దాటి వస్తాయట కదే. సముద్రం వంద కిలోమీటర్లేనా?”

“అదీ తప్పే అవ్వా. కానీ ఓడ పొగ మొత్తం కలిపినా చెంబుకు చెంబు నీ గేదె పాలదే బరువు.”

ఓడ కంటే బరువైనదాన్ని ఇన్నాళ్లూ గుంజకు కట్టేసుకున్నానని ఆ రోజు తెలిసింది. ఆ సముద్రం మాటే కాలనీ కార్యదర్శి గారిని అడిగితే, ఆయన పళ్ల డాక్టరు, పళ్లన్నీ చూపిస్తూ, “పెట్టె అమ్మే కొట్టు మన వీధిలోనే ఉంది కదా పెద్దమ్మా, స్థానికమే!” అన్నారు. ఆయన కంటే ఆ పిల్ల నయం. తప్పుని తప్పంది.

ఈ ఈతతో పాడి మానేస్తానని ఆ పిల్ల చేతిలో చెయ్యి వేశాను. దొరసాని (గేదె పేరు) వట్టిపోయి రెండు నెలలైంది. కాలువ అవతల నా చెల్లెలి కొడుకు పొలం ఉంది. తోలుకుపోతాను, మళ్లీ చూలు కట్టించను, బతికినన్నాళ్లు బతుకుతుంది అన్నాడు. అక్కడ మాత్రం త్రేన్చదా అని అడగకండి. త్రేన్చుతుంది. ప్రాణమున్నది త్రేన్చుతుంది.

2. పై కారణముల చేత గేదెను తరలించుటకు సదరు గేటు వద్దకు తోలుకుపోగా, కాపలాదారు కర్ర అడ్డం పెట్టినాడు.

“పెద్దమ్మా, మనుషులకు కార్డుంది. బండ్లకు స్టిక్కరుంది. దీనికేముంది?”

“కొమ్ములున్నాయి. పక్కకు జరుగు.”

జరగలేదు. పాపం వాడి తప్పు లేదు. గేటు నిబంధనలు చదివి వినిపించాడు. సజీవ జంతువుల ప్రవేశ నిష్క్రమణలు నిషిద్ధమట. ఒకసారి ఎవరో ఆకుకూరల కింద కోళ్ల గంప దాచి తెచ్చారని ఆ నిబంధన పెట్టారు. తొందరలో పెద్ద బండ్లకు రాసుకున్న కాగితమే తీసి, బండి అన్నచోటల్లా జంతువు అని మార్చారు. పెద్ద బండి లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు అని ఉంటే జంతువూ అంతే అయింది. లోపల ఒక జంతువు ఉందని ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడమేమిటి? కార్యదర్శి గారి అత్తగారు ఆ పొద్దున కూడా చెంబు పట్టుకుని, ఇంకా ఈనలేదా అంటూ నా కొట్టానికి వచ్చింది. (ఈ వాక్యం వద్దన్నారు మాస్టారు. రాయకపోతే వేలిముద్ర వెయ్యనన్నాను. రాశారు.)

3. కాలనీ లోపల జంతువులను ఉంచరాదని మరియొక నిబంధన కలదు. కావున నా గేదె లోపల ఉండకూడదు, బయటికి పోకూడదు.

4. పోనీ పెరటి దారిన పంపుదామంటే, పెరటి దారి ఇప్పుడు గోడ. కొట్టం వెనక తలుపు ఉండేది, తీస్తే కాలువ కట్ట. దొరసాని మూడు నెలల పెయ్యగా ఆ తలుపులోంచే వచ్చింది. పోయిన ఏడు ప్రహరీ కట్టేవాళ్లు వచ్చి తలుపు మూసేస్తాం, కుక్కలు రావు అన్నారు. కుక్కలు రాకపోతే మంచిదే కదా అని వేలిముద్ర వేశాను. ఎవరూ నా బొటనవేలు పట్టుకుని నొక్కలేదు. నేనే వేశాను. ఆ కాగితంలో నా కొట్టాన్ని గోదాము అని రాశారట. గోదాముకు వెనక తలుపెందుకు?

5. గేదె తోలిన సాయంత్రమే నా కార్డు ఆపుచేశారు. జంతువును తొలగించేదాకా పనిచేయదట. నేను బయటికి పోవచ్చు, తిరిగి లోపలికి రాలేను. నేను పోతే దానికి నీళ్లు పెట్టేదెవరు? అందుకే తమ ఆఫీసుకు నేను రాలేదు. ఈ కాగితం మాస్టారు తెస్తారు. పది రోజులుగా ట్యాంకుకూ కొట్టానికీ మధ్య తిరుగుతున్నాను. అదీ గుంజ చుట్టూ తిరుగుతోంది. దాని పలుపు కనిపిస్తుంది, నాది కనిపించదు.

6. ఇది అసలు సంగతి. కార్యదర్శి గారి గదికి వెళ్లి, ఒక్క పొద్దున, ఒక్కసారి గేటు తీయించండి బాబూ అని అడిగాను. గేటుకు కెమెరా ఉందట, గేదె దాటినట్టు నమోదైతే ఇన్నాళ్లూ లోపల గేదె ఉన్నట్టు తేలుతుందట, పచ్చ పలక ఊడుతుందట. వచ్చే శనివారం తనిఖీ.

“ఇంకొక దారి ఉంది పెద్దమ్మా,” అన్నారు. గొంతు తగ్గించి, పన్ను పీకేముందు చెప్పినట్టు చెప్పారు. “జీవ వ్యర్థాలు పోవచ్చని నిబంధనలోనే ఉంది. గురువారం ఎనిమిదింటికి మూసిన బండి వస్తుంది. దాన్ని ఎవరూ తెరిచి చూడరు. మనిషిని నేనే పిలిపిస్తాను. నీ చేతికి ఏమీ అంటదు.”



“ముక్కలుగానా?”

“ఆ మాట ఎందుకులే.”

“కడుపులో దూడతోనా?”

ఆయన బల్ల మీద గాజు గ్లాసు సర్దుకున్నారు.

అయ్యా, నేను మాంసం తినేవాళ్ల మధ్య పుట్టాను. కోసేవాళ్లను చూశాను. వాళ్లు కోస్తున్నామనే చెప్పి కోస్తారు. ప్రాణిని తినకూడదని పలక బిగించిన చోట ఒక ప్రాణి బయటికి పోవడానికి ఉన్న దారి ఇదొక్కటేనా? తమ శాఖ వారు ఈ పచ్చదనం కోసమేనా ఆ పిల్లను బకెట్ మీద కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పించింది? ఆ పిల్ల ఇలా చెప్పలేదు. తక్కువ ప్రాణులు, తక్కువ భారం అంది. నరికి పంపమనలేదు. కావాలంటే పిలిచి అడగండి.

7. నిబంధన మార్చే అధికారం తమ శాఖదని కాలనీవారు, కాలనీదని తమ గుమాస్తా ఫోనులో చెప్పియున్నారు. మాస్టారు మూడుసార్లు చేశారు. మూడోసారి గుమాస్తా, “గేదె వయసెంత?” అని అడిగి పెట్టేశాడట.

కావున అయ్యా, నేను కోరేది ఒకటే. పలక ఉంచుకోండి. తీర్మానం ఉంచుకోండి. కొట్టం కూడా తీసేసుకోండి, నిజంగానే గోదాము చేసుకోండి. గురువారం ఎనిమిది కంటే ముందు, గేటు ఒక్కసారి తీయమని ఒక సంతకం పెట్టండి. గేదె దాటడానికి ఎంతసేపు? నేను ఆవలిస్తే ముగిసేంత. నా చెల్లెలి కొడుకు పలుపు పట్టుకుని అవతల నిలబడి ఉంటాడు. అది ఇక మీ లెక్కలోకి రాదు.

ఇందులో మర్యాదగా ఉన్నవి మాస్టారి మాటలనియు, మిగిలినవి నావనియు, రెండూ నిజమేననియు చిత్తగించవలెను.

తమ విధేయురాలు
(అలా రాయాలట. నేను ఇంతవరకు ఎవరికీ విధేయురాలిని కాను. దొరసాని కోసం అవుతున్నాను.)

ఎడమ చేతి బొటనవేలి ముద్ర

తాజా కలం: నిన్న మడిచిన కాగితం ఇవాళ మళ్లీ విప్పించాను. వేలిముద్ర ఎందుకు అంత మసకగా పడిందని మాస్టారు అడిగారు. చేతులు బొబ్బలెక్కాయి. నాలుగు రోజులుగా పగలు ట్యాంకు మోటారు నడిచే వేళకు, ఆ మోతలో గడ్డపారతో వెనక గోడ పొడుస్తున్నాను. ఆ గోడకు ఒప్పుకుని ముద్ర వేసింది నేనే కదా. నేలకు ఆనుకుని ఒక పెద్ద గంప పట్టేంత కన్నం పడింది. ఇంకా పెద్దది చేద్దామంటే చుట్టూ ఇనుప ఊచలున్నాయి, అవి నా వల్ల కావు.

ఈ ఉదయం దొరసాని ఈనింది. పెయ్యదూడ. మధ్యాహ్నానికి కాళ్లు నిలబెట్టుకుంది. దీన్నైనా దాటిద్దామని కన్నంలోంచి కట్ట మీదికి తోశాను. పట్టింది. అటువైపు ఎండలో నిలబడి, చెవులు ఆడించి, చుట్టూ చూసింది. పొమ్మని అదిలించాను. నా చేతికందిన పెచ్చు విసిరాను కూడా.

తిరిగి, తల దూర్చి, లోపలికే వచ్చేసింది. తల్లి పొదుగు ఇటువైపు ఉంది మరి.

ఇప్పుడు లోపల ముగ్గురం. బండి గురువారం ఎనిమిదింటికి.