చదివి వినిపించని వార్త

మావయ్యగారూ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. బందరు విలేకరిగా ఇప్పుడు మీ కుర్చీలో నేనే కూర్చుంటున్నాను.

మొన్న ఒక ప్రొఫెసర్ గారు, "క్వాంటం కంప్యూటర్లు తుఫాను లెక్కలకి ఎప్పటికైనా పనికిరావచ్చండీ, ఇంకా తెలీదు" అన్నారు. మొదటి పేజీలో పడాలని, "ఇక తుఫాను సంగతి క్వాంటం కంప్యూటరే చెప్పేస్తుంది" అని రాశాను. మీరైతే పంపేముందు ఫోన్ చేసి, రాసింది ఆయనకే చదివి వినిపించేవారు. నేను వినిపించలేదు.

పొద్దున్నుంచీ ఒకటే గాలి. పాలకాయతిప్ప నుంచి ఒక పడవ యజమాని ఫోన్ చేశాడు.

"తుఫాను హెచ్చరిక ఇచ్చారండీ. మీరు రాసిన కంప్యూటరు ఏం చెప్పలేదు కదా అని మావాళ్లు వేటకెళ్లిపోయారు. ఇప్పుడు ఫోన్లు కలవట్లేదండీ."

అలాంటి కంప్యూటర్ ఇంకా లేదని చెప్పాను.

సవరణ రాసి ప్రొఫెసర్ గారికి చదివి వినిపించాను. సరిగ్గా ఉందన్నారు. సముద్రంలో ఉన్నవాళ్లకి ఎలా వినిపించను?