తెక్లా పేరున పెరిగిన కాండీటఫ్ట్

ఇంటి నుంచి,
ఈస్టరు తర్వాతి బుధవారం.

నా బంగారు ఇర్మికి, పిన్ని దీవెనలు.

దేవుని దయవల్ల ఇక్కడ నేనూ మీ నాన్నా తిరుగుతూనే ఉన్నాం. ఆ సముద్రపు గాలిలో నువ్వూ మీ ఆయన హెనింగూ జలుబులు లేకుండా ఉన్నారని తలుస్తాను. ఇన్నేళ్ళూ మీ నాన్న ఉత్తరం అడుగున రెండు వరుసలు చేర్చి ఊరుకునేదాన్ని. ఈసారి కాగితాలన్నీ నేనే తీసుకున్నాను. పోయిన ఉత్తరంలో నువ్వు రాసిన ఒక మాటకి మీ నాన్న జవాబు రాయలేరు. ఆయనకు తెలియదు. టెలిఫోనులో చెబుదామని రెండుసార్లు నీ నంబరు తిప్పి పెట్టేశాను.

ముందు నువ్వడిగినవి. నా మోకాలు అలాగే ఉంది. డాక్టరు మెట్లు ఎక్కవద్దంటాడు. గుడి కొండ మీద, మీ అమ్మ సమాధి ఆ గుడి వెనక శ్మశానంలో. మరి ఎక్కకుండా ఎలా? నీళ్ళ డబ్బా పట్టుకుని పైకి చేరేసరికి ప్రార్థన చేసే ఓపిక కూడా ఉండదు. రాతిమీద చెయ్యి ఆనించి కాసేపు ఊరికే నిలబడతాను. ప్రభువు దాన్నే ప్రార్థన కింద రాసుకుంటాడని నా ఆశ.

ఆ సమాధి మీది తెల్లపూల మొక్క, కాండీటఫ్ట్, నీ పెరట్లో బతుకుతుందా అని అడిగావు. రోజంతా ఎండ పడుతుందన్నావు, అది మంచిదే. నల్లటి తడినేల అన్నావు, అదే చిక్కు. దానికి చలంటే భయం లేదు, మంచు కింద కూడా ఆకు పచ్చగానే ఉంచుకుంటుంది. కాళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే మాత్రం కుళ్ళిపోతుంది. గోడవార మట్టిని జానెడు ఎత్తున మెరకగా పోసి, ముతక ఇసుకా సున్నపురాతి పొడీ కలుపు. మా నేలలో సున్నం పుట్టుకతోనే ఉంది, మీరు కలుపుకోవాలి. మొక్కకీ మొక్కకీ మధ్య జానెడున్నర వదులు. మొదటి వేసవి మాత్రం నీళ్ళు పోసి, తర్వాత దాని మానాన దాన్ని వదిలెయ్యి. మే చివర పూలు రాలగానే మూడో వంతు కత్తిరించు. ఆకు ఉన్నంత మేరే కత్తిరించు. నేలమీద వాలిన కొమ్మపై ఒక రాయి పెడితే అక్కడే వేరు పోసుకుంటుంది.

సమాధి సంగతి నాన్న పొడిపొడిగా రాసి ఉంటారు. మీ అమ్మ తెక్లా పోయి ఇరవై అయిదేళ్ళు నిండాయి, సమాధి స్థలానికి కట్టిన అద్దె గడువు తీరింది. ఈస్టరుకి ముందు ఉపవాసకాలం మొదటి ఆదివారం పూజకి వెళ్ళేసరికి రాతి మీద పసుప్పచ్చ కాగితం అంటించి ఉంది, కార్యాలయానికి వచ్చి మాట్లాడమని. నాకంటే ముందు ఒట్టీలియా చూసింది. ఆవిడ చూడనిది ఈ ఊళ్ళో ఏముంది?

"ఏమే వల్బుర్గా, మీ తెక్లాకి ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసొచ్చిందటగా! పాపం, ఎంత శుభ్రంగా ఉండేదో అద్దెకి!" అంది.

"అందరికీ వస్తుంది ఒట్టీలియక్కా," అన్నాను.

"నాకు రాదమ్మా. నేను మొండిదాన్ని, పోతేగా!"

నవ్వొచ్చింది కూడా. ఇంటికొచ్చి మీ నాన్నతో చెబితే, పొడిగిస్తారనుకున్నాను. ఆయన మర్నాడు టోపీ పెట్టుకుని వెళ్ళి, వదులుకుంటున్నామని సంతకం చేసి వచ్చారు.

"అదేమిటి, నన్నొక మాట అడగలేదు?" అన్నాను.

"అడిగితే వద్దంటావు. నీ మోకాలు ఇంక ఆ మెట్లు ఎక్కదు. తెక్లా అర్థం చేసుకుంటుంది. ఆమె ఎవరినీ శ్రమ పెట్టే మనిషి కాదు," అన్నారు. తర్వాత, "ఆ తెల్లపూలు తీసుకొచ్చి మన పెరట్లో ఎండ తగిలే గోడ మీద పెట్టు. అవి ఆమె చేతివి. అవి ఉంటే చాలు," అన్నారు.

జూన్‌లో పెంతెకొస్తు పండుగ లోపల రాయి తీసేస్తారు. నేల చదును చేసి గడ్డి చల్లుతారు. పెంతెకొస్తుకి కారులో వచ్చి సగం మొక్కలు తీసుకుపోతానని రాశావు నువ్వు. ఆ కింద నువ్వు రాసిన మాట: "అమ్మ చేత్తో నాటినది ప్రాణంతో మిగిలింది నాకు అదొక్కటే, పిన్నీ."

ఆ ఉత్తరం ఏప్రన్ జేబులో పెట్టుకుని పదకొండు రోజులు తిరిగాను.

ఇర్మీ, అవి మీ అమ్మ నాటినవి కావు.

మీ అమ్మ ఎండగోడ మీద పెంచిన మొక్కల్నే ఆమె పోయాక నాన్న సమాధి మీదికి మార్చారు. అంతవరకూ నీకు తెలిసిందే. నేను ఇరవై ఏడేళ్ళప్పుడు ఈ ఇంటికి వచ్చాను. నీకు ఏడు. రెండో ఏడు శరదృతువులో, సకల పునీతుల పండుగకి ముందు శనివారం, నిన్ను వెంటబెట్టుకుని సమాధి శుభ్రం చెయ్యడానికి వెళ్ళాను. ఊరంతా అక్కడే ఉంది, ఎవరి సమాధి వాళ్ళు తోముకుంటూ. చర్చి గురువుగారు వచ్చి సమాధుల్ని దీవించే రోజుకి ఒక్క ఆకు అడ్డదిడ్డంగా కనపడకూడదు కదా. నేను కత్తెర తియ్యగానే నువ్వు నా చెయ్యి పట్టుకుని లాగి, అందరూ వినేలా అరిచావు. "తాకకు! అది మా అమ్మది! నువ్వు అమ్మవి కాదు, జీతం లేని పనిమనిషివి!"

ఆ మాట నీది కాదని నాకు తెలుసు. ఒట్టీలియా వంటింటి కిటికీ దగ్గర అనగా విన్నావు. ఎనిమిదేళ్ళ పిల్లకి అంతకంటే ఏం తెలుస్తుంది? నువ్వు పరుగెత్తి ఇంటికి పోయావు. పక్క సమాధుల దగ్గర ఎవరూ తలెత్తలేదు. అందరూ విన్నారని దాన్నిబట్టే తెలిసింది.

గోతులు తవ్వే బుర్కార్డు గుర్తున్నాడు కదా, నీకు పిప్పరమెంటు బిళ్ళలిచ్చేవాడు. ఆయన అటుగా వస్తూ నా కత్తెర చూసి ఆగాడు. "అమ్మా, ఇప్పుడు కాదు. దాన్ని కత్తిరించేది పూలు రాలాక. ఎండు కట్టె దాకా పోయావంటే మళ్ళీ చిగురు పెట్టదు," అన్నాడు.

"తెలుసు బుర్కార్డు గారూ," అన్నాను.

నిజంగానే తెలుసు. మా పుట్టింటి గోడ మీద కూడా అదే మొక్క ఉండేది. తెలిసే కత్తిరించాను, ఒక్కొక్క మొక్కే, మొదలు దాకా. ఆకు అన్నది లేకుండా. చలికాలం రాబోతోందని కూడా తెలుసు. తీరిగ్గా, వరుసగా కత్తిరించాను. అది మాత్రం నేను మరిచిపోలేను.

బుర్కార్డు చూస్తూ నిలబడ్డాడు. వెళ్ళి బండినిండా ఫర్ చెట్టు కొమ్మలు తెచ్చి, ఆ మోళ్ళ మీద తనే దట్టంగా పరిచాడు. చలికాలానికి అందరూ పరిచేవే. ఒట్టీలియా వచ్చి, "అబ్బో, మీ తెక్లాకి అప్పుడే దుప్పటి కప్పారే!" అని పోయింది. ఆ కొమ్మల కింద ఏముందో ఎవరికీ తెలియలేదు. బుర్కార్డు ఆ రహస్యం తనతోనే తీసుకుపోయాడు.

మార్చిలో ఎత్తి చూస్తే అన్నీ ఎండిపోయి ఉన్నాయి. ఊరు ఊరంతా కాలినడకన యాత్రకి వెళ్ళిన రోజు పంటి నొప్పని అబద్ధం చెప్పి ఇంట్లో ఆగాను. బస్సెక్కి, నన్నెరగని ఊళ్ళో ఒక నర్సరీకి వెళ్ళి, ఏడు మొక్కలు కొన్నాను. మీరు తిరిగొచ్చేలోగా పాతవి పెరికి పారేసి అవి నాటాను. గట్టిగా కత్తిరిస్తే మళ్ళీ చిగురించాయని నాన్నతో చెప్పాను.

మేలో పూశాయి. కాసినే, చిన్నచిన్నవే. నువ్వు వాటి ముందు మోకరించి, లేచి, గౌనుకి మట్టి దులుపుకుని, "బతికించావు పిన్నీ" అన్నావు. అంతవరకూ నన్ను వల్బుర్గా అనే పిలిచేదానివి.

ఇంక ఎలా చెప్పను, చెప్పు?

పాపసంకీర్తనంలో నా తప్పు ఒప్పుకున్నాను. గురువుగారు మూడు జపమాలలు చెప్పమని, పిల్ల పెద్దదయ్యాక పిల్లకే చెప్పమన్నారు. జపమాలలు ఆ సాయంత్రమే ముగిశాయి. రెండోది, నీకు పద్దెనిమిది వచ్చినప్పుడు అనుకున్నాను. నీ పెళ్ళప్పుడు అనుకున్నాను. నీ పూలగుత్తిలో ఆ పువ్వు గుచ్చుకున్నావు. ఆ రోజు చర్చిలో నేను ఏడ్చింది సంతోషానికని అందరూ అనుకున్నారు.

నిన్న వెళ్ళి చూశాను. విరగబూశాయి, రాతి మీద పేరు కూడా కనపడటం లేదు. పూత అయ్యాక తవ్వుతాను. సగం గోడ మీద పెడతాను, సగం నీకోసం కుండీల్లో. పెంతెకొస్తుకి వచ్చి తీసుకుంటే తీసుకో, వదిలేస్తే వదిలెయ్యి. నిన్ను బలవంతపెట్టే హక్కు నాకు లేదు. క్షమించమని అడగడం కూడా ఈ ఉత్తరంలో కాదు, ఎదురుగా వచ్చినప్పుడే అడుగుతాను.

తీసుకుపోతే మాత్రం ఒక్కటి. రేపు మీ పిల్లలు ఎవరివీ అని అడిగితే అమ్మమ్మ నాటిందని చెప్పకు. తెక్లాకి నేను చేసింది చాలు, ఆమె పేరు మీద అబద్ధం ఇంక వద్దు. ఇరవై రెండు వేసవులు కొండెక్కి, మోకాళ్ళ మీద కూర్చుని, నేను కత్తిరించి పెంచినవి అవి. నావని చెప్పు. ఎలా మొదలైందో చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం.

ఈ కాగితాలు చింపకు, దాచుకో. మీ నాన్నకి చూపించకు. ప్రతి ఆదివారం పూజయ్యాక ఆయన వాటి ముందు టోపీ తీసి, ఆ వారం సంగతులన్నీ మెల్లగా తెక్లాతో చెప్పుకుంటారు. నేను నాలుగడుగులు వెనక నిలబడతాను. ఇక మీదట గోడ దగ్గర చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

ఇట్లు,
నీ పిన్ని
వల్బుర్గా