సర్వేకు గొయ్యి

గట్టు, మంగళవారం

నేల సర్వేకు ఇద్దరు వచ్చారు. మా చేను ఎర్ర చల్క అని నాన్న కాలం నుంచీ అంటున్నాం. పైరంగుతో నేల పేరు తేలదట. మనిషిలోతు గొయ్యి తీసి పొరలు చూడాలట.

"తవ్వుడెందుకమ్మా, నేను చెప్త, రాసుకో. మూరెడు ఎర్రమన్ను, దాని కింద మొరం, ఆ కింద తెల్లటి సుద్ద" అన్నాను.

సర్వే అమ్మాయి నవ్వింది. "గింత కరెక్టుగ ఎట్ల తెలుసు సార్? బోరు ఏసినప్పుడు చూసిండ్రా? చెప్తే నడ్వదు, మేం కండ్లతోని చూడాలె."

ముప్పై ఏళ్ల కాపురం తర్వాత సుగుణను పూడ్చింది ఈ చేనులోనే, పోయిన వానాకాలం. ఆ రోజు గొయ్యి అంచున నిలబడి, ఎటు చూడాలో తెలియక ఆ పొరలే చూశాను.

రేపు పొద్దున తవ్వుతారు. సరే అన్నాను. వద్దంటే ఎందుకో చెప్పాల్సి వచ్చేది.