మంచులో పిలిచిన పేరు

రాజపాళయం,
పురట్టాసి నెల రెండో శనివారం.

చోళపురంలో ఉండే పళనియమ్మాళ్ వదినకు,

మీ తమ్ముడి పెళ్ళాం వెళ్ళయమ్మాళ్ కాళ్ళకు మొక్కి చెప్పుకొనేది. మొక్కడం మీరు పెద్దవారు కాబట్టి. తప్పు ఒప్పుకొని కాదు. అది మొదటే తేలిపోతే మంచిది.

చెప్పేది నేను. రాసేది పక్కింటి చిత్ర. బ్యాండేజీ గుడ్డ కంపెనీలో పని ముగించుకొని, కాళ్ళు కడుక్కొని వచ్చి కూర్చుంది. నాకు అక్షరం రాదు, మీకూ రాదు. మనింటి మాటను చిత్ర అరవ అక్షరాల్లో పెడుతుంది, మీ కోడలు జయప్రియ చదువుతుంది. అమ్మా జయప్రియా, గొంతెత్తి చదువు. మీ అత్త చెయ్యి అడ్డం పెట్టినా ఆపకు. ఫోనులో అయితే సగం మాటలోనే పెట్టేస్తారు. రెండుసార్లు పెట్టేశారు. అందుకే కాగితం. ఇంకొక సంగతి, చదివేటప్పుడు మీ తమ్ముడు ఎదురుగా కూర్చొని ఉండాలి. ఆయన వినని పంచాయితీకి నేను ఒప్పను.

మీ తీర్పు నాకు తెలుసు. మొగుడి పేరు నోటితో పలికాను. దానివల్ల ఆయన ఆయుస్సు తగ్గింది, తోటలో పడిపోయారు, ఆసుపత్రిలో గుండెకు స్టెంట్ పెట్టారు. ఇక నేను ఒక మండలం, నలభై ఎనిమిది రోజులు, ఆయన కంట పడకూడదు. ఆ తర్వాత కులదైవం గుడిలో పొంగలి పెట్టి పదిమంది ముందు తప్పు చేశానని చెప్పాలి. అప్పుడే ఆయన్ను ఇంటికి పంపుతారు. మీ కొడుకు మహేంద్రన్ ఆసుపత్రి వాకిలి నుంచే ఆయన్ను కారులో మీ ఇంటికి తీసుకుపోయి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. నేను ఒకసారి వస్తే మీరు గడపకు అడ్డంగా నిలబడ్డారు. నాకు మా ఆయన ఇంటికి రావాలి. ఈ ఉత్తరం అందుకే. ఇప్పుడు జరిగింది జరిగినట్టు చెపుతాను, వినండి.

కొండ మీద మేము దిగిన టెంటు మాకోసం వేసింది కాదు. మా మనవరాలు యామిని, దాని మొగుడు ఉదయకుమార్ కొడైకానల్ దాటి పైన ఒక చెరువు గట్టున రెండు రోజులు ఉందామని పేరు రాయించుకున్నారు. ఇంతలో యామినికి మూడో నెల అని తేలింది. కొండదారి వద్దని డాక్టరమ్మ చెప్పింది. “అవ్వా, నువ్వూ తాతా పోయి రండి” అంది పిల్ల. నేను రానన్నాను. గుడ్డ కింద పడుకోవడానికి మనకు ఇల్లు లేకపోయిందా అన్నాను. దానికి మీ తమ్ముడు అన్న మాట ఇది. “యాభై రెండేండ్లు కరెంటు ఎప్పుడొస్తుందో అని మోటారు పక్కన కాచుకోని ఉండినాను వెళ్ళై. రెండు దినాలు దేనికీ కాచుకోకుండా కూర్చోవలె.” సరేనని మూట కట్టాను. మామిడి తోటకు నీళ్ళు పెట్టడం తప్ప ఆయన వేరే ఊరు చూసింది లేదు, నేనూ చూసింది లేదు.

కూర్చున్నాం వదినా. మడిచే కుర్చీలు రెండు వేసి ఇచ్చారు. ఎదురుగా చెరువు, దాని మీద పొయ్యి పొగలా మంచు. దూరంగా గొర్రెలు. ఒక పని లేదు. మొదటి పూట నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్కడ వంట చేసే ఆమె పేరు పుష్పం. కొండ వెల్లుల్లితో పులుసు పెట్టింది, రాగి ముద్ద చేసింది. వెల్లుల్లి రెబ్బ గోలీ గుండంత. చింతపండు చాలదు అన్నాను. “ఇది కొండ, పాటీ, ఇక్కడ పులుపు ఎక్కువైతే అరగదు” అంది నన్ను అవ్వను చేసి. అన్నానే కానీ మూడుసార్లు వేయించుకొని తిన్నాను. సాయంత్రం నిప్పుల మీద మొక్కజొన్న కండెలు కాల్చి ఉప్పూ కారం రాసి ఇచ్చింది. నాకు పళ్ళు లేవు కదా, మీ తమ్ముడు గింజలు ఒలిచి నా కొంగులో పోశారు. ఇది కూడా తప్పే అంటే అనండి. నేను దాచను.

రెండోనాడు పొద్దున శంకర అనే మనిషి మమ్మల్ని చెరువు వెనక గుట్టకు నడిపించాడు. నలభై ఏళ్ళవాడు, ఆ కొండల్లోనే పుట్టి పెరిగాడు. మాతోపాటు మదురై నుంచి వచ్చిన ఆరుగురు, అందరూ వయసు పిల్లలు. పైన్ చెట్లు దాటాం, గడ్డి మైదానం ఎక్కాం. అక్కడ నా చెప్పు వారు తెగింది. కట్టుకుందామని రాయి మీద కూర్చున్నాను, ఆయన ముందుకు పోయారు. అంతలో మంచు దిగింది. చెయ్యి చాస్తే నా వేళ్ళు నాకే కనపడలేదు. కుడి పక్క లోయ ఉంది, జాగ్రత్త అని శంకర ఎక్కేటప్పుడే చెప్పాడు.

“ఇదిగో” అన్నాను. “వింటున్నారా” అన్నాను. “యామిని తాతా” అన్నాను. పలుకు లేదు. శంకర వచ్చి, “తాత పేరు చెప్పు పాటీ, నేను కూకేస్తాను” అన్నాడు.

ఎట్లా చెప్పను వదినా? నాకు పెళ్ళైన మూడోనాడు పొయ్యి ముందు కూర్చోబెట్టి, పేరు పలికితే ఆయుస్సు తగ్గునని నేర్పింది మీరే. ఆయనకు పెట్టింది దేవుడి పేరు కదా, భజనలో అది వస్తే నేను పెదవులు మాత్రం కదిపేదాన్ని. రేషన్ కార్డు ఆఫీసులో మొగుడి పేరు అడిగితే వెనక నిలబడినామె చేత చెప్పించేదాన్ని. అందుకని శంకరకు ఆనవాలు చెప్పాను. “దేవుడి పేరయ్యా. నడుము మీద రెండు చేతులూ పెట్టుకోని ఇటుక మీద నిలబడి ఉంటాడే, ఆ దేవుడు.” అతనికి తెలిసిన దేవుళ్ళు వేరు. “మురుగా” అని అరిచాడు. “మురుగన్ కాదయ్యా, పెరుమాళ్ళ వైపు పో” అన్నాను. “కృష్ణా” అన్నాడు, “గోవిందా” అన్నాడు, “రంగనాథా” అన్నాడు. “ఇప్పుడు దగ్గరికి వచ్చినావు, ముందు సగం సరి, దాన్ని వెనక పెట్టుకో” అన్నాను. మదురై పిల్లలు నవ్వారు. శంకర తల గోక్కున్నాడు.

అప్పుడు లోయ వైపు ఒక రాయి దొర్లిన చప్పుడైంది.

నా నోరు నన్ను అడగలేదు వదినా. పాండురంగా అని పిలిచాను. ఆ గొంతు నాదే అని నాకు తెలియలేదు. మొదటిసారి పలుకు రాలేదు. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాను. అప్పుడు మంచులోంచి నడిచి వచ్చారు. “ఏమి వెళ్ళై” అన్నారు, తోట నుంచి అన్నానికి వచ్చినట్టు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. జరిగింది ఇంతే.

ఇంటికి వచ్చిన పదకొండో నాడు మోటారు గది దగ్గర పడిపోయారు. ఆసుపత్రి వరండాలో ఈ సంగతంతా మీకు చెప్పింది ఎవరు? చూసినవాళ్ళు ఎవరూ వచ్చి చెప్పలేదు. భయం పట్టి నేనే మీ రెండు చేతులూ పట్టుకొని చెప్పాను. పెద్దవారు కదా, “పోవే పిచ్చిదానా, దానికీ దీనికీ ఏమి సంబంధం” అంటారని ఆశపడ్డాను. మీరు చేతులు వెనక్కి తీసుకున్నారు.

ఇప్పుడు చెప్పబోయేది వీధిలో ఎవరికీ చెప్పలేదు. చిత్ర కూడా ఇప్పుడే వింటోంది. నేను గట్టిగా తిరుగుతున్నానని అందరూ అనుకుంటున్నారు. అన్నం ముందు కూర్చుంటే ఆ పేరే గొంతుకు అడ్డం పడుతోంది. నేనే ఆయన్ను చంపబోయానా అనిపిస్తుంది. ఆయన గుండెలో అడ్డు పదేళ్ళుగా పెరుగుతోంది అని డాక్టరు చెప్పాడు. తల ఊపాను, నమ్మలేదు. నమ్మి ఉంటే ఆ రోజు మీ గడప దగ్గర నుంచి తిరిగి వచ్చేదాన్నా? మిమ్మల్ని పక్కకు జరిపి లోపలికి వచ్చేదాన్ని. నా గుణం మీకు తెలుసు.

నిన్న కసువు ఊడుస్తుంటే మీ ఆయన, అన్నయ్య గుర్తొచ్చారు. మీరు అన్నయ్య పేరు ఒక్కనాడు కూడా పలకలేదు. ఆయన నలభై మూడేళ్ళకే పోయారు. ఇది మిమ్మల్ని పొడవాలని చెప్పడం లేదు. పొడవాలంటే ఇంత దూరం చుట్టి రాను, ముందే పొడుస్తాను. మీరు ఏ లోటూ చెయ్యలేదు, అయినా అన్నయ్య పోయారు. నేను పిలిచాను, ఈయన ఉన్నారు. పేరు ఎవరినీ తీసుకుపోలేదు, ఎవరినీ నిలపలేదు. ఈ మాట నాకు నేను చెప్పుకోవడానికి ఇన్ని రోజులు పట్టింది. మీకు దాదాపు నలభై ఏళ్ళుగా ఎవరూ చెప్పి ఉండరు.

కాబట్టి వదినా, పొంగలి పెడతాను. అది ఆయన బతికినందుకు. తప్పు చేశానని చెప్పను. మిగిలిన రోజులు ఆగను. ఆయన ఎదురుగానే ఉన్నారు కదా, అడగండి. నేను రావద్దని ఆయన నోటితో చెప్తే సరే, ఉంటాను. వేరే ఎవరు చెప్పినా వినను.

కింద ఉన్నది నా బొటనవేలు ముద్ర. చిత్రది కాదు, పోల్చి చూసుకోండి.

మీ తమ్ముడి పెళ్ళాం,
వెళ్ళయమ్మాళ్


రాజపాళయం,
గురువారం.

పాండురంగా,

మొదటి మాటే పేరు పెట్టాను. చిత్ర పెన్ను ఆపి నా మొహం చూసింది. “రాయవే” అన్నాను.

జయప్రియ ఫోను చేసి ఉత్తరం చదివిన కథంతా చెప్పింది. నేను మొక్కుకొని, మొక్కులో మాట కూడా కూడదని ఫోనుకు రావడం లేదని వదిన మీకు చెప్పి ఉంచిందట. మీరూ నమ్మారట. ఏనాడైనా నేను మాట్లాడకుండా ఉండే మొక్కు మొక్కానా? కాస్త ఆలోచించి ఉండకూడదా?

శంకర రంగనాథా అని అరిచిన చోటికి వచ్చేసరికి మీరు మంచం మీద పొట్ట పట్టుకొని నవ్వారట. “నవ్వకురా, గుండెకు ఆగదు” అని వదిన కోప్పడితే, అప్పుడు చెప్పారట.

“అక్కా, నేను తప్పిపోలేదు. పది అడుగుల్లో బండ వెనకాల కూర్చోని ఉండినాను. ఇదిగో అన్నది వినినాను. యామిని తాతా అన్నది వినినాను. ఇంక ఏమని పిలుస్తుందో చూస్తామని పలకకుండా ఉండినాను. కాలు తగిలి రాయి దొర్లింది. అప్పుడు పిలిచింది.”

“మొదటిసారి పిలిచినప్పుడే ఎందుకు రాలేదు మామయ్యా” అని జయప్రియ అడిగితే, “ఇంకొకసారి పిలుస్తుందని” అన్నారట.

డెబ్బై ఆరేళ్ళు మీకు. పక్కన లోయ. నేను తెగిన చెప్పు చేత్తో పట్టుకొని ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరినీ ఆ మనిషి చేత పిలిపిస్తుంటే, మీరు బండ వెనక కూర్చొని వింటున్నారు. ఈ సంగతి చెరువు గట్టున, ఆ కుర్చీల్లో కూర్చున్నప్పుడే చెప్పి ఉంటే నేను ఆసుపత్రి వరండాలో అంత భయపడేదాన్ని కాదు, వదిన చేతులు పట్టుకొనేదాన్నీ కాదు. చెప్పడానికి సిగ్గేసింది అన్నారట. ఇంటికి రండి, దీనికి వేరే పంచాయితీ ఉంది. ఆ పంచాయితీకి వదిన అక్కరలేదు, నేను చాలు.

ఫోను పెట్టాక మాత్రం కంచం నిండా అన్నం పెట్టుకొని తిన్నాను. గొంతుకు ఏదీ అడ్డం పడలేదు. అదీ చెప్పాలి కదా.

వదినను ఒక్క మాట అనకండి. మీరు చెప్పింది విన్నాక ఆమె లేచి అన్నయ్య ఫోటో కొంగుతో తుడిచిందట. మూడుసార్లు నోరు తెరిచి మూసిందట. చివరికి వంటింట్లోకి పోయి, ఎవరూ లేరనుకొని, పొయ్యి ముందు నిలబడి మెల్లగా “రాఘవా” అందట. ఒక్కసారే. జయప్రియ గుమ్మం పక్కన ఉండి విని, విననట్టు బయటికి వచ్చేసింది. నాకు కూడదని నేర్పింది కూడా పొయ్యి ముందే. ఆమెకు పలకడానికి కూడా ఇంతకాలం పట్టింది, వినడానికి అన్నయ్య లేరు. నాకు మీరు ఉన్నారు. పొంగలి పెట్టేనాడు వదిన నా పక్కనే నిలబడాలి, మీరే పిలుచుకొని రండి.

రేపు పొద్దున మహేంద్రన్ మిమ్మల్ని దింపుతాడట. కారు మన వీధిలోకి తిరగదు, మూల మీద దిగి నడవాలి. మాత్రలు మరిచిపోకండి. మెల్లగా నడవండి. పుష్పం చేసినట్టే పులుసు పెట్టి ఉంచుతాను, చింతపండు నా ఇష్టం.

నేను వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలుస్తాను. వీధి విననీ. మొదటి పిలుపుకే పలకకండి. రెండోసారి కూడా పిలుస్తాను.

వెళ్ళై