బార్లీ కోత అయ్యాకే వాన

నాటింగ్‌హామ్, 23 ఆగస్టు 1886

చెల్లీ తబితా,

దేవుని దయవల్ల నేనూ తమ్ముడు జేబెజూ కులాసా.

ఈ వేసవంతా వాడి బౌలింగ్‌కు వికెట్లు సరిగా పడలేదు. గురువారం మొదలయ్యే ఆటే ఈ ఏటికి ఆఖరు. అందులో రాణిస్తేనే వచ్చే ఏడు కౌంటీ జట్టులో చోటట. లేకపోతే తిరిగి బొగ్గు గనికి పొమ్మన్నారట కెప్టెన్ దొరగారు.

నిన్న భోజనం దగ్గర, మే నెల నుంచీ ప్రతి ఆటకూ మంచి ఎండ కాయాలని ప్రార్థిస్తున్నానని వాడితో అన్నాను. వాడు చెంచా కింద పెట్టేశాడు.

“అక్కా, నా కొంప ముంచింది నువ్వా! పిచ్ ఎండిపోతే నా బంతి తిరిగి చావదు. రాత్రి వాన పడి పొద్దున ఎండ కాయాలి. అప్పుడు చూడు, బ్యాటు పట్టే ఆ మీసాల దొరల తిప్పలు!”

“ఆ ముక్క మే నెలలోనే చెప్పకూడదట్రా?”

“నువ్వు పైవాడితో ఏం మాట్లాడుకుంటున్నావో నాకేం తెలుసు?” అని పడిపడి నవ్వాడు. వాడి నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

బుధవారం రాత్రికి వాన అడగాలని ఉంది. కానీ మీ బార్లీ ఇంకా చేలోనే ఉంటే ఎలా అడగను? కోసి కొట్టంలోకి చేర్చేశారా? వెంటనే కార్డు రాయి. పాప దగ్గు తగ్గిందా? జేబెజ్ మేజోళ్ళకు బూడిదరంగు ఉన్ని ఉంటే పంపు.

నీ జవాబు వచ్చేదాకా వాన మాట ఎత్తను. కోత కాలేదని రాయడానికి మొహమాటపడకు. అలాగైతే మళ్ళీ ఎండే అడగమని జేబెజే చెప్పాడు.

మరిదికీ పిల్లలకూ ప్రభువు తోడుండుగాక.

దొర్కా అక్క