కిటికీ పక్క బల్ల మీద నీ మల్టీమీటరు

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నిడదవోలులో నీ రేడియో షాపు ఖాళీ చేసినప్పుడు వదిన నీ మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్ నాకిచ్చింది. వంటింటి కిటికీ పక్కన పాత బల్ల వేసి సర్దుకున్నాను. మొదటిరోజే వేలు కాల్చుకున్నాను. పాడైన బోర్డు మీద రెండు వారాలు సాధన చేశాను.

ఈ ఉదయం ఎదురింటి సువార్తమ్మగారు మూగబోయిన రేడియో తెచ్చారు. నువ్వు చెప్పేవాడివే, ముందు వైర్లు చూడమని. స్పీకరు దగ్గర ఒకటి ఊడి ఉంది. అతికించగానే వార్తలు వినిపించాయి.

"ఎవరు నేర్పారమ్మా?"

"మా అన్నయ్యండి. ఆడపిల్లకి ఇవెందుకని అమ్మ కసిరినా, పక్కన కూర్చోబెట్టుకుని చూపించేవాడు."

నువ్వే నేర్పావన్న మాట నీతో ఎప్పుడూ అనలేదు, ఆవిడతో అన్నాను.

"అయితే మా టేప్ రికార్డరు కూడా చూసిపెట్టమ్మా."

భయమేసింది. కానీ నీ చెల్లెలినని చెప్పుకున్నాక కాదనలేకపోయాను. తీసుకురమ్మన్నాను.